సబ్బు వాడరాదు

నడిమధ్య చిల్లున్న గారె కనిపిస్తే చాలు, నాకు ఆయన గుర్తొస్తారు. మొన్న ఆయన పన్నెండో రోజున విస్తరి ముందు కూర్చున్నాను. నాలుగు గారెలు వడ్డించారు, నాలుగింటికీ చిల్లులే. బతికుండగా ఆయన కంట పడితే నాలుగూ తిరిగి వంటగదిలోకి పోవలసినవే. నేను మాత్రం దేవునికి కృతజ్ఞత చెప్పుకుని నాలుగూ తిన్నాను.

మా పేటలో అందరూ ఆయన్ని ఉపదేశి గారు అనేవాళ్ళం. ఫాదర్ గారు ఊళ్లో లేనప్పుడు ప్రార్థన నడిపించడం, పిల్లలకు జపాలు నేర్పడం, ఎవరింట్లో చావు జరిగినా ముందు వరసలో నిలబడడం మా తిరుసభలో, అంటే చర్చి సంఘంలో, ఉపదేశి పని. ఆ పనిలో ఆయన్ని ఎవరు పెట్టారో మాత్రం ఎవరికీ తెలియదు. ఎవరో ఒక ఫాదర్ గారు పెట్టి ఉంటారని మేం అనుకునేవాళ్ళం. తాము వచ్చేటప్పటికే ఉన్నారు కాబట్టి అంతకు ముందున్న ఫాదర్ గారు పెట్టి ఉంటారని ప్రతి ఫాదర్ గారూ అనుకునేవారు. ఇలా అనుకోవడంలోనే నలభై ఏళ్ళు గడిచిపోయాయి.

ఆయన అసలు ఉద్యోగం బెల్లం మార్కెట్లో. ఒక షావుకారు గారి కొట్టులో కాటా దగ్గర గుమాస్తా. పల్లెల నుంచి రైతులు తెచ్చిన బెల్లం దిమ్మలు తూయించడం, రకం చెప్పడం ఆయన పని. దిమ్మని మెటికలతో రెండుసార్లు కొట్టి చప్పుడు వినేవారు. బొటనవేలి గోరు అందుకోసమే పెంచారు. దానితో కాస్త గీకి నాలుక మీద వేసుకుని కళ్ళు మూసుకునేవారు. కళ్ళు తెరిచాక మాట ఒక్కటే: తెలుపు, రంగు, నలుపు. తెలుపైతే మేలురకం. రంగైతే ఫరవాలేదు. నలుపైతే ఆ రైతు మొహం చూడాలి.

కాటా దిగి పేటలోకి వచ్చాక కూడా ఆయన చెయ్యి ఊరుకునేది కాదు. గుమ్మం కనపడితే గుమ్మం మీద, బెంచీ కనపడితే బెంచీ మీద టక్ టక్ మని కొట్టేవారు. శవపేటిక తెచ్చినా మూతమీద రెండుసార్లు కొట్టి, చెక్క మంచిదో కాదో చెప్పాకే లోపలికి రానిచ్చేవారు. మనుషులు చచ్చిపోయినప్పుడు మిగిలినవాళ్ళు చేసే ప్రతి పనికీ ఆయన దగ్గర రకం ఉండేది. ఫొటోకి దండ తెలుపు. ఫొటోకి బొట్టు నలుపు. కొవ్వొత్తి తెలుపు. ప్రమిదలో నూనెదీపం నలుపు. ఎండాకాలంలో కొవ్వొత్తి వంగిపోతోందని ఒకావిడ దాన్ని ప్రమిదలో నిలబెడితే, ఆయన చాలాసేపు ఆలోచించి, "రంగు" అన్నారు.

మా పేటలో చాలా ఇళ్ళు సగం సగం. తల్లి ఈ వైపైతే తండ్రి ఆ వైపు, అక్క జపమాల చెప్పుకుంటే చెల్లెలు అమ్మవారికి చీర పెడుతుంది. చావు వచ్చేసరికి రెండు వైపులవాళ్ళూ ఒక్క వాకిట్లో నిలబడాలి. అటువంటి వాకిట్లో ఉపదేశి గారికి చేతినిండా పనుండేది.

ఒకరింట్లో ముసలాయన పోతే, కోడలు అలవాటు కొద్దీ గోడమీద ఆకులో అన్నం పెట్టింది. ఉపదేశి గారు ఆ గోడ పక్కన కుర్చీ వేసుకుని, ఒక పుల్ల ఊడిన తన గొడుగుతో కాకుల్ని తోలుతూ గంటసేపు కూర్చున్నారు. ప్రార్థన అయిపోయింది. ఆయన గొడుగు ముడిచి లోపలికి వచ్చేశారు. కాకి వచ్చి వాలింది.

"అదిగోనండి, తింతంది," అంది కోడలు భయం భయంగా.

"తిననీ తల్లీ," అన్నారు ఆయన. "ప్రార్తనకి ముందు తింటే అది కర్మ. తరవాత తింటే ఒట్టి కాకి."

పదకొండో రోజు కూడా ఆయనకి పడేది కాదు. పదకొండు అంటే కర్మ చేసినట్టేనట. పన్నెండో రోజుకి మార్పించేవారు. పన్నెండంటే పన్నెండుమంది అపొస్తలులు కాబట్టి తెలుపు. మా ఆయన నోరు ఊరుకోదు. ఒకసారి అడిగేశాడు.

"మరి యూదా పోయేక పదకొండుమందే మిగిలేరు గదండీ ఉపదేశి గారూ?"

ఆయన బెంచీ మీద మెటికలతో కొట్టడం మొదలెట్టారు. ఎంతసేపు కొట్టారంటే, ఇంటివాళ్ళు టీలు తెచ్చి గ్లాసులు తీసుకెళ్ళిపోయారు. అప్పుడు తలెత్తి, "తరవాత చీటీలేసి ఇంకొకల్ని కలుపుకున్నారు గదేటి," అన్నారు. ఆ తరవాత వారం రోజులు మా ఆయన కనపడినప్పుడల్లా "కలుపుకున్నారు గదేటి" అనేవారు, పాత గాయం మానలేదన్నట్టు.

గారెల సంగతి కూడా అంతే. పెద్దలకు పెట్టేవి గారెలు కాబట్టి గారెలు నలుపు. అదే పిండి, అదే నూనె, అదే మూకుడు, చిల్లు లేకుండా వేస్తే తెలుపు. "సిల్లుంటే పెద్దలకి, సిల్లు లేపోతే టీలోకి," అని తేల్చారు. చిల్లు లేని గారె లోపల ఉడకదు. మా పేటలో ఇన్నేళ్ళుగా ఎంతమంది పన్నెండో రోజున పచ్చిపిండి తిన్నారో లెక్క లేదు. అందరికంటే ఎక్కువ తిన్నది ఆయనే. దేన్నైనా నమ్మితే అలా తినాలి.

నవంబరులో సమాధుల పండగ రోజైతే ఆయన మొహం పెళ్లికొడుకు మొహమే. మేమందరం సున్నాలు వేసి, బంతిపూలు పరిచి, కొవ్వొత్తులు వెలిగించి ఫాదర్ గారి కోసం చూస్తూ ఉంటాం. ఉపదేశి గారు గుడ్డ సంచీ పట్టుకుని సమాధి సమాధికీ తిరిగేవారు. ఎవరో తమ తండ్రికి ఇష్టమని బీడీల కట్ట పెడతారు, ఇంకెవరో జిలేబీ పెడతారు. అవన్నీ నలుపు, సంచీలోకి పోవాలి. గోతులు తవ్వే అతను గేటు దగ్గర కూర్చుని ఆ సంచీ కోసం ఎదురు చూసేవాడు. ఏడాది మొత్తం మీద ఉపదేశి గారి ఉపదేశం శ్రద్ధగా విన్న మనిషి అతనొక్కడే.

ఇంతవరకు నవ్వుతూనే చెప్పాను. మా అమ్మ సంగతి వచ్చేసరికి నవ్వు కాస్త పక్కదారి పడుతుంది.

మా అమ్మది మునగపాక. మా నాన్నని చేసుకుని జ్ఞానస్నానం తీసుకుంది. నాకు అక్షరాలు నేర్పింది ఆవిడే, జపాల పుస్తకం ఒళ్ళో పెట్టుకుని. అమ్మకి ఒక్కడే తమ్ముడు, మా మావయ్య. అక్కని అప్ప అంటారు మా వైపు. ఏటా చెరకు గానుగ పెట్టగానే మొదటి పాకం సీసాలో పోసుకుని మోటారు సైకిలు మీద వచ్చేవాడు. అమ్మ ఆ సీసా మరియమ్మ పటం ముందు ఒక నిమిషం పెట్టి, తరవాత అందరికీ పోసేది. మావయ్య చెప్పులు విప్పి ఆ పటానికి దండం పెట్టేవాడు. ఇందులో ఎవరికీ ఏ రకం కనపడలేదు. ఉపదేశి గారికి కూడా. మావయ్య బెల్లం తూచేది ఆయన కాటాలోనే. ఇద్దరూ ఒకరినొకరు బావా అని పిలుచుకునేవారు.

అమ్మ పోయింది జూలైలో, ముసురు పట్టిన రోజున. ఫాదర్ గారు గొలుగొండ వైపు వెళ్ళారు, నాలుగింటికి గానీ రారు. అంతవరకు వాకిలి ఉపదేశి గారిది.

పెళ్ళయిన ఆడమనిషి చనిపోతే పుట్టింటివాళ్ళు చీర తెచ్చి కప్పాలి. అది కప్పకుండా గడప దాటించరు. మావయ్యా అత్తయ్యా వానలో తడుస్తూ వచ్చారు. మావయ్య చొక్కా లోపల దాచుకున్న పొట్లం మాత్రం పొడిగా ఉంది. మీగడ రంగు నేతచీర, సన్నటి ఆకుపచ్చ అంచు. నాలుగు కొసలకీ పసుపు.

"ఆగు బావా," అని ఉపదేశి గారు చెయ్యి అడ్డం పెట్టారు. చీర అందుకున్నారు. మడత మీద మెటికలతో రెండుసార్లు కొట్టారు. కొసన ఉన్న పసుపుని గోటితో గీకారు. నాలుకమీద వేసుకోలేదు, అంతవరకు నయం.

"సీర తెలుపు," అన్నారు. "పసుపు నలుపు."

మావయ్యకి అర్థం కాలేదు. "ఏటి బావా?"

"సీర కప్పొచ్చు. సీర మర్యాద. పసుపు దేనికీ? అది మీ పెద్దల పద్దతి. ఈవిడ జ్ఞానస్నానం తీసుకున్న మనిసి."

"ఏ స్నానం సేసినా మా యప్ప మా నాన్న కూతురే గదేటి?"

"ఒకప్పుడు బావా. ఇప్పుడు తిరుసభ కూతురు."

"రెండూ అవ్వకూడదేటి?" అన్నాడు మావయ్య.

వాకిట్లో అంతమంది ఉన్నాం. అందరం ఉపదేశి గారి వైపే చూశాం. ఆయన గడప మీద కొడుతూ కొడుతూ నా వైపు తిరిగారు.

"అమ్మా, నువ్వు జపాలన్నీ తెలిసిన పిల్లవి. నువ్వే ఉతికీ. పసుపు పోతే గొడవ పోతాది."

ఉతికాను. ఎందుకు ఉతికానో తొమ్మిదేళ్ళుగా నన్ను నేను అడుగుతున్నాను. ఆ కాస్త పసుపు అమ్మ ఆత్మకి ఎక్కడైనా అడ్డం పడుతుందేమోనని భయం వేసింది. సర్వలోకాన్నీ చేసినవాడు చీర కొంగు చూసి మొహం తిప్పుకుంటాడని నమ్మాను ఆ రోజు. ఆ దేవుడు నన్ను క్షమించాడు. మావయ్య క్షమించడానికి ఇంకాస్త సమయం తీసుకున్నాడు.

కుళాయి దగ్గర బట్టల సబ్బు పెట్టి రుద్దాను. పసుపుకి సబ్బు తగిలితే ఎర్రబడుతుందని వంటింట్లో చెయ్యి పెట్టిన ఏ ఆడదానికైనా తెలుసు. నాకూ తెలుసు, ఆ రోజు మాత్రం గుర్తు లేదు. నాలుగు కొసలూ ఎర్రగా పూశాయి.

ఉపదేశి గారు గొడుగేసుకుని వచ్చి చూశారు. గొంతు తగ్గించి, "ఇదేటమ్మా! పసుపు తియ్యమంటే కుంకం పెట్టీసేవు!" అన్నారు.

మూడు నీళ్ళు మార్చి జాడించాను. ఎరుపు తగ్గి, ఒకలాంటి నారింజ రంగులో ఆగిపోయింది. చీర పిండి తెచ్చి ఇస్తే మావయ్య ముట్టుకోలేదు.

"మా యప్పకి తడిగుడ్డ కప్పుతారేటి?"

అత్తయ్య పైట అడ్డం పెట్టుకుని మెల్లిగా అంది, "తడిబట్టంటే అది మరీ మా పద్దతండీ. తడిబట్టల్తోటే గదా మావోలు కుండ పట్టేది."

ఉపదేశి గారి మొహం అప్పుడు చూడాలి. నలుపు తీయబోయి అంతకన్నా నల్లటిది తెచ్చుకున్నారు. నుదుటి మీదే మెటికలతో కొట్టుకున్నారు. ఆ తరవాత చీర లాక్కుని, గొడుగు దానికి పట్టి, తాను తడుస్తూ సందు చివర ఇస్త్రీ బండి దగ్గరికి పరుగెత్తారు. ఇస్త్రీ అతనికి సంగతి తెలియదు. బొగ్గులు ఊదుకుంటూ, "పంక్షనెన్నింటికండీ?" అని అడిగాడట. ఉపదేశి గారు, "నాలుగింటికి. బేగి కానీ," అన్నారట. తరవాత ఇస్త్రీ అతనే చెప్పి తల బాదుకున్నాడు.

చీర వచ్చింది. కప్పేటప్పుడు రెండు కొసలు ఇద్దరు పట్టుకోవాలి. ఒక కొస పుట్టింటివాళ్ళది. మావయ్య చేతులు కట్టుకుని నిలబడ్డాడు. ఆ కొస ఉపదేశి గారు పట్టుకున్నారు, ఈ కొస నేను. ఎర్రబడిన కొసల్ని ఆయన జాగ్రత్తగా కాళ్ళ కిందికి మడిచేశారు.

"మా యప్పకి పుట్టింటోలు లేరని రాసుకోండి మీ పుస్తకంలో," అన్నాడు మావయ్య. చర్చి గేటు బయటే నిలబడ్డాడు. సమాధి దగ్గర గుప్పెడు మట్టి వేసి, మా గుమ్మం తొక్కకుండా, కాళ్ళు కడుక్కోకుండా, మెతుకు ముట్టకుండా మునగపాక వెళ్ళిపోయాడు.

అంతకుముందు, నాలుగింటికి వచ్చిన ఫాదర్ గారు తీర్థం చల్లుతూ చీర మీద చెయ్యి వేశారు. "చీర వేడిగా ఉందేమిటమ్మా?" అని అడిగారు.

తరవాత ఒకనాడు ఆయనకి అంతా చెప్పాను. "జ్ఞానస్నానంలో మనం బిడ్డకి తెల్లబట్ట కప్పుతాం. పోయినప్పుడు పెట్టెమీద తెల్లబట్ట కప్పుతాం. వాళ్ళు పసుపు పెట్టిన చీర కప్పుతారు. అక్క అనే కదమ్మా కప్పేది? దానికి పూజ చేయమనలేదు, మొక్కమనలేదు. దాన్ని ఉతకడం ఎందుకు?" అన్నారు.

అది తీసుకెళ్ళి ఉపదేశి గారికి చెప్పాను, కొంచెం కసిగానే. ఆయన విన్నారు.

"ఫాదర్ గారు కొత్త బెల్లం అమ్మా," అన్నారు. "ముసురుకి నీరొదుల్తాది."

ఆ తరవాత తొమ్మిదేళ్ళు మావయ్య మా ఇంటికి రాలేదు. పాకం సీసా రాలేదు. ఫోను చేస్తే అత్తయ్య మాట్లాడి పెట్టేసేది. బెల్లం మాత్రం అదే కాటాకి తెచ్చేవాడు. ఉపదేశి గారు తూచేవారు, మావయ్య తూకం చీటీ తీసుకునేవాడు, మధ్యలో మాట లేదు. "వేరే కొట్టుకి తోలీవొచ్చు గదా," అని అత్తయ్య అంటే, "మనిసి మొండోడు గానీ కాటా మొండిది కాదు," అన్నాడట.

ఉపదేశి గారు ఏటా సమాధుల పండగనాడు సంచీ పట్టుకుని అమ్మ సమాధి దగ్గర ఆగేవారు. అక్కడ తీసుకోవడానికి ఏమీ ఉండదని తెలుసు. సున్నం మీద మెటికలతో కొట్టి, ఎటో చూస్తూ అడిగేవారు.

"మీ మావయ్య వచ్చేడా?"

"లేదండి."

"వత్తాడులే," అని పక్క సమాధికి వెళ్ళిపోయేవారు. తొమ్మిదేళ్ళూ ఇదే ప్రశ్న, ఇదే జవాబు. తప్పు చేశానని మాత్రం అనలేదు. అంటారని నేనూ ఎదురు చూడలేదు. దిమ్మకి ఒకసారి రకం చెప్పాక మార్చకూడదు, మార్కెట్టు పద్ధతి.

ఈ మధ్య మంచం పట్టారు. భార్య ఎప్పుడో పోయింది, పిల్లలు లేరు. కోటవురట్లలో అన్నగారి కొడుకులున్నారు గానీ రాకపోకలు లేవు. ఉపదేశి గారు తన సొంత అన్న దినానికి వెళ్ళి అక్కడ కూడా కాకిని తోలి వచ్చారు. అది వాళ్ళు మరిచిపోలేదు. మా పేటవాళ్ళమే వంతులేసుకుని గంజి తీసుకెళ్ళేవాళ్ళం. నా వంతు రోజున దిండు కింద నుంచి ఒక కవరు తీసి ఇచ్చారు. అంటించి ఉంది.

"నా సావు నాడు నాను ఉండను గదా," అన్నారు. అది తనకే పెద్ద అన్యాయం అన్నట్టు. "ఎవరు సూత్తారు మరి? నువ్వు సూడాల. నాను పోయేక విప్పు."

పోయారు. పొద్దున్న పదింటికల్లా వాకిట్లో షామియానా వేశారు. పెట్టె వచ్చింది. మూతమీద కొట్టి చూడడానికి ఎవరూ లేరు, నేరుగా లోపలికి వచ్చేసింది. ఫాదర్ గారు ఆ రోజు ఊళ్లోనే ఉన్నారు. కోటవురట్లకి మా ఆయన మూడుసార్లు ఫోను చేశాడు. మూడోసారి ఎత్తి, "మీ ఉపదేశి గారికి మా బట్ట పనికొత్తాదేటి?" అని పెట్టేశారు. ఆయన మీద కప్పడానికి తన వాళ్ళు తెచ్చిన గుడ్డముక్క లేదు. ఊళ్లో ఎందరి బట్టలకో రకం చెప్పిన మనిషి.

కవరు గురించి ఫాదర్ గారికి చెప్పాను. "చదవండమ్మా, వింటాం," అన్నారు. విప్పి నిలబడి చదివాను. తిరుసభ భాషలో, పరీక్ష పేపరు మాదిరిగా నంబర్లు వేసి రాశారు.

ఒకటి, నూనెదీపము వద్దు. రెండు, కాకి ప్రార్థనకు ముందు వచ్చినచో తోలవలెను, తరువాత వచ్చినచో దాని ఇష్టము. మూడు, పన్నెండవ రోజు మాత్రమే. నాలుగు, గారెలకు చిల్లు ఉండరాదు. ఇక్కడికే వాకిట్లో ఆడవాళ్ళు కొంగులు నోట్లో కుక్కుకుంటున్నారు. ఐదోది చదివాను.

"ఎవరైనను పసుపు పెట్టిన బట్ట తెచ్చినచో, ముందురోజే ఉతికి, ఆరవేసి, ఇస్త్రీ చేయించి తేవలెను. సబ్బు వాడరాదు. చింతపండు వాడవలెను."

సబ్బు వాడరాదు అన్నదాని కింద రెండు గీతలు కొట్టి ఉన్నాయి.

నవ్వు ఇస్త్రీ అతనే మొదలుపెట్టాడు, ముక్కుతో బుస్సుమని. చావింట్లో అంత నవ్వు నేనెప్పుడూ వినలేదు. ఫాదర్ గారు కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు. తొమ్మిదేళ్ళు ఆలోచించి ఉపదేశి గారు నేర్చుకున్నది ఇది: పసుపు తప్పే, కాకపోతే సబ్బు కూడా తప్పు. చచ్చిపోయే ముందురోజు అందరికీ కబురు అందుతుందని ఎలా అనుకున్నారో మరి.

నవ్వు తగ్గాక, గేటు దగ్గర నుంచి ఒక గొంతు వినపడింది.

"ముందురోజు ఎలగ తెలుత్తాది బావా? ఉత్తరం రాత్తావేటి?"

మావయ్య. బెల్లం మార్కెట్లో తెలిసి అలాగే వచ్చేశాడట. తల నెరిసిపోయింది. చేతిలో బట్టల కొట్టు పొట్లం. గేటు దాటాడు, షామియానా కిందికి వచ్చాడు, పెట్టె దగ్గర ఆగాడు. పొట్లం విప్పితే కొత్త పంచె, కొట్లోంచి వచ్చింది వచ్చినట్టు, ఏ గుర్తూ లేకుండా.

"ముప్పయ్యేళ్ళు నా సరుకు తూసేడు," అన్నాడు, ఎవరితోనూ కాకుండా. "తరుగని సెప్పి తూకంలో పిసరు తియ్యలేదు. ఈడికి బట్ట లేదంటే ఎలగ?"

అప్పుడు నా మొహం చూశాడు. తొమ్మిదేళ్ళ తరవాత నాతో మాట్లాడిన మొదటి మాట ఇది:

"పిల్లా, మీ ఇంట్లో పసుపుందేటే? లేపోతే దాన్నీ ఉతికీసేవా?"

వాకిలంతా నా వైపు చూసింది. నా చేతిలో ఆ కాగితం ఉంది. చనిపోయిన మనిషి నమ్మి ఇచ్చిన మాట అది. ఫాదర్ గారి వైపు చూశాను. "ఐదో నంబరు ఉంది కదండీ," అన్నాను.

ఫాదర్ గారు కాగితం తీసుకుని, పైనుంచి కిందికి శ్రద్ధగా చదివి, మడిచి జేబులో పెట్టుకున్నారు.

"ముందురోజు ఉతకాలని కదమ్మా రాశారు? ముందురోజు నిన్నతో అయిపోయింది. ఈ రోజుకి అది వర్తించదు."

ఇది ఉపదేశి గారి లెక్కే. ఆయన విని ఉంటే తెలుపు అనేవారో, నలుపు అనేవారో నాకు తెలియదు గానీ, వాదన మాత్రం ఎక్కడ నేర్చుకున్నారో ఇట్టే పోల్చుకునేవారు.

మూడో ఇల్లే మాది. పరుగున వెళ్ళి పోపుల డబ్బాలో పసుపు అరచేతిలో వేసుకుని, నాలుగు చుక్కలు నీళ్ళు కలిపి తెచ్చాను. మావయ్య నా చేతిలోంచే వేలితో తీసుకుని నాలుగు కొసలకీ పెట్టాడు. ఒక కొస తాను పట్టుకున్నాడు. ఇంకో కొస నా వైపు చాపాడు.

"పట్టుకో."

పట్టుకున్నాను. ఇద్దరం కప్పాం. పసుపు కొస ఒకటి సరిగ్గా ఆయన కుడిచెయ్యి మీదికి వచ్చింది, ఆ పొడుగు గోరున్న వేలి దగ్గరికి. మావయ్య దాన్ని సర్దాడు, మడత లేకుండా.

"మా యప్పకీ ఇలగే కప్పాల్సింది," అన్నాడు. "నేర్సుకో."

నేర్చుకున్నాను. తిట్టుకి కూడా కృతజ్ఞత చెప్పుకున్నాను. తిట్టడానికైనా వచ్చాడు కదా.

పెట్టె మూసి చర్చికి తీసుకెళ్ళాం. నేను వెనక ఉన్నాను, నా పక్కన మావయ్య. ఈసారి గేటు దగ్గర ఆగలేదు. చెప్పులు విప్పి మెట్లెక్కాడు. గుమ్మం పక్కన తీర్థం గిన్నెలో నేను వేళ్ళు ముంచి సిలువ గుర్తు వేసుకున్నాను. మావయ్య కూడా ముంచాడు. తరవాత ఏం చెయ్యాలో తెలియక, తన అలవాటు ప్రకారం అరచేతిలోకి నాలుగు చుక్కలు తీసుకుని నోట్లో పోసుకుని, మిగిలింది నెత్తికి రాసుకున్నాడు.

"ఉప్పగుందేటే మీ తీర్తం?" అన్నాడు చిన్నగా.

"మంత్రించిన ఉప్పు కలుపుతారు మావయ్యా."

"మరి పసుపో?"

గిన్నెలోకి చూశాను. నా వేళ్ళకి అంటిన పసుపు దిగి, నీళ్ళు లేత పసుపు రంగులోకి తిరిగాయి. తీర్థం మార్చాలా, ఉంచాలా? ఇన్నేళ్ళ అలవాటు, చేతులు ఆగిపోయాయి. ముందు పెట్టె వెళుతోంది. లోపల నుంచి మెటికల చప్పుడు రెండుసార్లు వినిపిస్తుందేమోనని ఒక్క క్షణం చెవి పెట్టి నిలబడ్డాను.

వినిపించలేదు. దేవునికి వందనాలు.